కోక్స్ కేబుల్‌లోని మూడో తీగ: పిడుగు నష్టాన్ని, ఫీడర్ వికిరణాన్ని కలిపి తగ్గించుకోవడం ఎలా

ప్రసారం చేసే రేడియో సెట్‌ను యాంటెన్నాకు కలిపే ఫీడర్‌గా వాడే కోక్స్ కేబుల్ ముక్కను అడ్డంగా కోసి చూస్తే మధ్యలో ఒక రాగి తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, ఆ ప్లాస్టిక్ మీద రాగి అల్లిక, అన్నిటికీ పైన నల్లటి తొడుగు కనిపిస్తాయి. కంటికి కనిపించే వాహకాలు రెండే అయినా, రేడియో పౌనఃపున్యాల దగ్గర ఆ కేబుల్‌లో మూడు తీగలు ఉన్నట్టే లెక్క. అధిక పౌనఃపున్య ప్రవాహం లోహం లోతుకు దిగదు. 14 మెగాహెర్ట్జ్ దగ్గర అది రాగిలో పైపై 18 మైక్రాన్ల మందంలోనే సర్దుకుంటుంది. అందువల్ల అల్లిక లోపలి ముఖం మీద పారే ప్రవాహం వేరు, బయటి ముఖం మీద పారే ప్రవాహం వేరు. లోపలిది మధ్య తీగతో జతగా పనిచేసి సంకేతాన్ని మోస్తుంది. బయటి ముఖానికి జత లేదు. అది గాలిలో వేలాడే మామూలు తీగలాగే ప్రవర్తిస్తుంది.

ఈ మూడో తీగే రెండు రకాల బెడదలకు మూలం. యాంటెన్నా మీదో, దాని పక్కనో పిడుగు పడినప్పుడు సర్జ్ ప్రవాహం, అంటే క్షణంలో ఎగసే భారీ ప్రవాహం, గదిలోకి నడిచి వచ్చే బాట ఇదే. మామూలు రోజుల్లో ప్రసారం చేస్తున్నప్పుడు యాంటెన్నా దగ్గర దారి తప్పిన ఆర్‌ఎఫ్ (రేడియో పౌనఃపున్య ప్రవాహం) వెనక్కి పాకి వచ్చి, మైకును పెదవికి తాకిస్తే చురుక్కుమనిపించేదీ, కంప్యూటర్ యూఎస్‌బీని తెంచేదీ, ఇంట్లోని విద్యుత్ పరికరాల రొదను యాంటెన్నా దాకా మోసి మళ్లీ రిసీవర్‌లోకి దింపేదీ ఇదే. చాలామంది పిడుగు పనిని వానాకాలానికి ముందు, ఫీడర్ వికిరణాన్ని (కేబులే యాంటెన్నాలా వెదజల్లడాన్ని) ఆపే చోక్ పనిని సెట్ మొరాయించినప్పుడు, రెండు వేర్వేరు పనులుగా చేసుకుంటారు. రెండింటినీ ఒకే పటం మీద పెట్టుకొని చేస్తే శ్రమ తగ్గడమే కాదు, ఒకదాని కోసం చేసినది రెండోదాన్ని చెడగొట్టకుండా ఉంటుంది. కింది క్రమం ఆ ఉద్దేశంతో రాసినదే.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. టవర్ మీద నేరుగా పడే పిడుగు నుంచి పూర్తి రక్షణ ఇవ్వగల పరికరం ఏదీ లేదు. ఇక్కడ చెప్పే ఏర్పాట్ల వల్ల నష్టం జరిగే అవకాశం బాగా తగ్గుతుంది, జరిగినా చిన్నదిగా ఉంటుంది. ఇంటి మెయిన్స్ బోర్డు దగ్గర చేయవలసిన పనిని మాత్రం అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

మొదట పటం గీయండి

ఒక కాగితం మధ్యలో రేడియో సెట్‌ను గీసి, దానికి నేరుగా గానీ మరో పరికరం ద్వారా గానీ తగులుకొని ఉన్న ప్రతి తీగనూ గీయండి. కోక్స్, రొటేటర్ (యాంటెన్నాను తిప్పే మోటారు) తీగలు, పవర్ సప్లై, దాని వెనక మెయిన్స్ ప్లగ్, యూఎస్‌బీ కేబుల్, ఆ కేబుల్ చివర కంప్యూటర్, కంప్యూటర్‌కు మానిటర్, నెట్‌వర్క్ కేబుల్, అది చేరే రౌటర్, ఇలా గొలుసు తెగే వరకూ వెళ్లండి. గీత గోడ దాటి బయటికి పోయే ప్రతి చోటా ఎర్ర సున్నా చుట్టండి. ఎన్ని సున్నాలు ఉంటే పిడుగుకు మీ సెట్ గుండా పోవడానికి అన్ని ద్వారాలు ఉన్నట్టు.

ఈ పటం విలువ నాకు ఒక రాత్రి గాలివాన తరువాత తెలిసింది. కోక్స్ తీసేశాను, పవర్ ప్లగ్ కూడా తీసేశాను, నిశ్చింతగా పడుకున్నాను. తెల్లవారి సెట్ ఆన్ చేస్తే స్టేషన్లు బాగానే వినిపించాయి, కంప్యూటర్ మాత్రం సెట్‌ను గుర్తుపట్టలేదు. మూత విప్పి చూస్తే యూఎస్‌బీ సాకెట్ వెనక ఉన్న చిటికెన వేలి గోరంత చిప్ మీద సన్నని పగులు, పక్కన బోర్డు మీద వేలితో రాసినట్టు మసి. కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కేబుల్ అలాగే ఉండిపోయింది. కోక్స్ ఒక్కటే పిడుగు దారి అనుకోవడం నా తప్పు.

సర్జ్ ఎందుకు చంపుతుందో లెక్క వేసుకోండి

ఈ లెక్క ఒకసారి చేతితో వేసుకుంటే మిగతా పనులన్నీ ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి. భూమికి దిగే పిడుగు తొలి దెబ్బలో ప్రవాహం సాధారణంగా 30 కిలోఆంపియర్ల స్థాయిలో ఉంటుంది, కొన్ని మైక్రోసెకన్లలో ఆ శిఖరానికి చేరుతుంది. తీసుకొనే సమయం 3 మైక్రోసెకన్లు అనుకుంటే, మైక్రోసెకనుకు 10 కిలోఆంపియర్ల చొప్పున పెరుగుదల. నిటారుగా ఉన్న తీగకు మీటరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్, అంటే ప్రవాహం మారడాన్ని అడ్డుకొనే గుణం, ఉంటుంది. ఈ రెండింటినీ గుణిస్తే మీటరుకు 10,000 వోల్టులు. అంటే 5 మీటర్ల పొడవున్న ఎర్త్ తీగ, దాని రెసిస్టెన్స్ సున్నా అయినా సరే, రెండు చివరల మధ్య 50,000 వోల్టుల తేడా చూపిస్తుంది. మల్టీమీటర్‌తో కొలిచి ఎర్త్ బాగుందని అనుకొనేవారు ఈ సంగతి మరిచిపోతారు. పిడుగు ముందు ఓమ్‌ల కన్నా హెన్రీలే బలమైనవి.

ఇక భూమి సంగతి. ఎర్త్ రాడ్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు ఉంటే 30 కిలోఆంపియర్లకు ఆ రాడ్, దానికి తగిలించినవన్నీ 3 లక్షల వోల్టులకు ఎగబాకుతాయి. ఎగబాకడం దానంతట అది పరికరాన్ని చంపదు. వరదకు పడవ లేస్తే అందులోని సామానూ దానితోపాటే లేస్తుంది. ఒడ్డుకు కట్టిన తాడే తెగుతుంది. మీ సెట్‌కు యాంటెన్నా వైపు ఒక ఎర్త్, మెయిన్స్ వైపు వేరే ఎర్త్ ఉంటే, ఆ తెగే తాడు మీ సెట్టే. రేడియో కోసం విడిగా, ఇంటి ఎర్త్‌తో సంబంధం లేకుండా ‘శుభ్రమైన’ ఎర్త్ వేసుకోవాలన్న సలహా ఇప్పటికీ వినిపిస్తూ ఉంటుంది. దాన్ని పాటించకండి, అది ప్రమాదకరం.

ప్రవేశ పలకను బిగించండి

కాబట్టి అన్ని తీగలూ ఒకే చోట గోడ దాటాలి, ఆ చోట అన్నీ ఒకే లోహపు పలకకు కట్టుబడి ఉండాలి. సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న రాగి లేదా అల్యూమినియం పలకను నేలకు వీలైనంత దగ్గరగా గోడకు బిగించండి. కోక్స్ అరెస్టర్లను (సర్జ్‌ను ఎర్త్‌కు మళ్లించే పరికరాలను) నేరుగా ఈ పలక మీదే, మధ్యలో తీగ ముక్కలేమీ లేకుండా, నట్టుతో బిగించండి. రొటేటర్ తీగల అరెస్టర్ కూడా దీని మీదే ఉండాలి. రేడియో గదికి వచ్చే మెయిన్స్ లైన్, నెట్‌వర్క్ కేబుల్ కూడా ఈ పలక మీదే ఉన్న సర్జ్ రక్షణ పెట్టెల గుండా గదిలోకి వెళ్లాలి. మీ పటంలోని ఎర్ర సున్నాలన్నీ ఇప్పుడు ఒకే సున్నాగా మారాలి. ఏదైనా తీగను అలా తేవడం వీలుకాకపోతే, ఆ తీగ సెట్ వైపున్న గొలుసులో ఉండకూడదు. కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కేబుల్ బదులు వైఫై వాడినా, కేబుల్ స్థానంలో ఫైబర్ పెట్టినా ఒక సున్నా పూర్తిగా చెరిగిపోతుంది.

పలక నుంచి ఎర్త్ రాడ్‌కు గుండ్రటి తీగ కన్నా 4, 5 సెంటీమీటర్ల వెడల్పున్న రాగి పట్టీ మేలు, ఎందుకంటే వెడల్పాటి పట్టీకి ఇండక్టెన్స్ తక్కువ. దాన్ని పొట్టిగా, తిన్నగా దింపండి. మలుపు తప్పనిసరైతే 20 సెంటీమీటర్లకు తగ్గని వ్యాసార్ధంతో వంపు తిప్పండి. మిగిలిన పట్టీని చుట్టగా చుట్టి గోడకు వేలాడదీసిన అమరికలు నేను చూశాను. ఆ చుట్ట ఒక కాయిల్ అవుతుంది, పిడుగు దాన్ని వదిలేసి వేరే దారి చూసుకుంటుంది. మిగిలినది కోసేయండి.

గదిలోపల సెట్, పవర్ సప్లై, ట్యూనర్, యాంప్లిఫయర్ లోహపు పెట్టెలను బల్ల వెనక ఒక రాగి పట్టీకి కలిపి, ఆ పట్టీని పలకకు చేర్చండి.

ఎర్త్ రాడ్‌లు పాతండి

రాడ్ దింపబోయే చోట భూమిలో విద్యుత్ కేబుళ్లు, నీటి గొట్టాలు, గ్యాస్ గొట్టాలు లేవని ముందుగా తేల్చుకోండి. ఒక రాడ్ సాధారణంగా చాలదు. 2.4 మీటర్ల రాడ్‌లు వాడుతుంటే వాటి మధ్య దూరం రాడ్ పొడవుకు రెట్టింపు, అంటే 5 మీటర్ల వరకు ఉండాలి. దగ్గరగా పాతితే రెండు రాడ్‌లూ ఒకే మట్టిని పంచుకొని, రెండో రాడ్ ఖర్చు వృథా అవుతుంది. వాటిని కలిపే రాగి తీగకు తొడుగు లేకుండా భూమిలో పాతితే ఆ తీగ కూడా ఎర్త్‌గా పనిచేస్తుంది. టవర్ పాదం దగ్గరి రాడ్‌లు, ప్రవేశ పలక రాడ్, ఇంటి మెయిన్స్ ఎర్త్, అన్నీ భూమి మట్టంలో ఒకదానికొకటి కలిసి ఉండాలి. మెయిన్స్ ఎర్త్‌తో కలిపే ఈ బంధం మీద మీ దేశపు విద్యుత్ నియమావళి ఏ పరిమాణం తీగ వాడమంటుందో ఎలక్ట్రీషియన్‌ను అడిగి అంతకు తగ్గకుండా వేయించండి. పిడుగు రక్షణకు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62305. దాని మూలసూత్రాల్లో ఈ సమబంధం (అన్నిటినీ కలిపి ఒకే వోల్టేజిలో ఉంచడం) ఒకటి.

కీళ్ల దగ్గర టంకం మీద ఆధారపడవద్దు, పెద్ద ప్రవాహానికి అది కరిగిపోతుంది. క్లాంపులు గానీ, ఎక్సోథర్మిక్ వెల్డింగ్ (రసాయన చర్య వేడితో లోహాలను అతికించడం) గానీ వాడండి. జింకు పూత ఉన్న టవర్ కాలికి రాగిని నేరుగా బిగిస్తే తడిలో రాగి ఆ పూతను తినేస్తుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్కను గానీ తగరం పూసిన క్లాంపును గానీ పెట్టండి.

కోక్స్‌ను టవర్ వెంట కిందికి దించండి

టవర్ పైనుంచి కేబుల్‌ను గాలిలోనే నేరుగా కిటికీకి లాగడం చూడటానికి సులువైన దారి. అది రెండు విధాలా చెడ్డది. టవర్ పైభాగం పిడుగు సమయంలో పాదం కన్నా లక్షల వోల్టుల ఎత్తున ఉంటుంది, ఆ ఎత్తు నుంచే కేబుల్ బయలుదేరుతుంది. పైగా యాంటెన్నాకు సమాంతరంగా గాలిలో సాగే అల్లిక దాని వికిరణాన్ని పట్టుకొని గదిలోకి తెస్తుంది. అందుకని కేబుల్‌ను టవర్ కాలి వెంబడి పాదం దాకా దించి, పైన ఒకసారి, పాదం దగ్గర ఒకసారి అల్లికను గ్రౌండింగ్ కిట్‌తో టవర్‌కు కలిపి, అక్కడినుంచి నేల మీదుగా లేదా నేలలో పాతి పలక దాకా తీసుకెళ్లండి. పాతిన కేబుల్ చుట్టూ ఉన్న మట్టి అల్లిక బయటి ప్రవాహాన్ని కొంత పీల్చేస్తుంది; పిడుగు విషయంలోనూ, ఆర్‌ఎఫ్ విషయంలోనూ ఇది లాభమే. నేలలో పాతడానికి తగిన తొడుగు ఉన్న కేబుల్‌నే వాడండి. తొడుగును ఒలిచి కిట్ బిగించిన చోట నీరు దిగకుండా రబ్బరు టేపు, దాని మీద వినైల్ టేపు చుట్టాలి. నీరు ఒకసారి అల్లికలోకి దిగితే మీటర్ల కొద్దీ పాకుతుంది.

అరెస్టర్‌ను లెక్కతో ఎంచుకోండి

అల్లికను ఎర్త్ చేసినా మధ్య తీగ సంగతి మిగిలే ఉంటుంది. దానికి అరెస్టర్ కావాలి. షార్ట్‌వేవ్ పనికి ఎక్కువగా వాడేది గ్యాస్ డిశ్చార్జి ట్యూబు ఉన్న అరెస్టర్. మామూలుగా అది లేనట్టే ఉండి, నిర్ణీత వోల్టేజి దాటగానే లోపలి వాయువు వెలిగి మధ్య తీగను పలకకు కలిపేస్తుంది. ఎంపికలో తప్పు జరిగేది ఆ వోల్టేజి దగ్గరే. 50 ఓమ్‌ల లైనులో 100 వాట్లకు శిఖర వోల్టేజి 100. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా లైనుకు ఎంత పొసగలేదో చెప్పే నిష్పత్తి) 3 ఉంటే కొన్ని చోట్ల అది 173కు చేరుతుంది. అందుకని 100 వాట్ల స్టేషన్‌కు 230 వోల్టుల ట్యూబు సరిపోతుంది, 90 వోల్టులది మాట్లాడుతుండగానే వెలుగుతుంది. 1,500 వాట్లకు శిఖరం 387 వోల్టులు, ఎస్‌డబ్ల్యూఆర్ 3 దగ్గర 671. అక్కడ ట్యూబు ఆ స్థాయికి పైన ఉండాలి. అవసరానికి మించి పెద్ద ట్యూబు పెట్టడమూ మంచిది కాదు, అది వెలిగే లోపల మీ రిసీవర్ ముందు భాగం మీద అంత వోల్టేజి పడుతుంది.

మెయిన్స్ సర్జ్ పెట్టెల్లో ఉండే మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్లను కోక్స్‌కు వాడకండి. వాటి కెపాసిటెన్స్ ఎక్కువ, సంకేతాన్నే మింగేస్తాయి. టవర్ మీద ప్రీయాంప్ (బలహీన సంకేతాన్ని పెంచే పరికరం) పెట్టి కోక్స్ గుండానే దానికి డీసీ పంపేవారు డీసీని అడ్డుకోని రకం అరెస్టర్ తీసుకోవాలి, మిగిలినవారికి డీసీని అడ్డుకొనే రకం మెరుగు. గ్యాస్ ట్యూబులు దెబ్బ తిన్నకొద్దీ అరుగుతాయి కాబట్టి మార్చుకోవడానికి వీలున్న రకాన్నే కొనండి.

మబ్బు ముందే తీసేయండి

అరెస్టర్ ఉన్నా, సెట్ వాడని సమయంలో తీగలు తీసేయడమే చవకైన, గట్టి రక్షణ. పటంలోని ప్రతి తీగనూ తీయాలన్నది ఇప్పటికే చెప్పాను. తీసిన కోక్స్ కొసను ఎక్కడ పెడతారన్నది అంతకన్నా ముఖ్యం. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గియోర్గ్ విల్హెల్మ్ రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఉరుములను కొలవడానికి ఇంటి కప్పు మీది ఇనుప కడ్డీ నుంచి ఒక తీగను గదిలోకి తెచ్చి, భూమికి కలపకుండా, తన పరికరానికి తగిలించి దగ్గర నిలబడి చూస్తుండగా పిడుగు సోకి చనిపోయాడు. విప్పి బల్ల మీద పడేసిన కోక్స్ సరిగ్గా ఆ అమరికే. కొసను గది బయటే, ప్రవేశ పలక దగ్గర విప్పి, ఎర్త్ చేసిన సాకెట్‌కు బిగించండి. గదిలోపల అది ఉండనే కూడదు.

ఉరుము వినిపించాక ఈ పనికి పూనుకోవద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లు ఉంటే మబ్బు సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు, తరువాతి పిడుగు ఆ దూరాన్ని సులభంగా దాటగలదు. అప్పుడు సెట్ పోతే పోనివ్వండి, తీగలను ముట్టుకోకండి.

ఫీడర్ వికిరణాన్ని కొలవండి

ఇప్పుడు అదే మూడో తీగ మీద మామూలు రోజుల్లో పారే ప్రవాహానికి వద్దాం. సగం తరంగ డైపోల్‌కు, అంటే మధ్యలో కేబుల్ కలిసే రెండు చేతుల యాంటెన్నాకు, కోక్స్‌ను నేరుగా తగిలిస్తే మధ్య తీగ ఒక చేతికి, అల్లిక రెండో చేతికి కలుస్తాయి. అల్లిక లోపలి ముఖం మీద వచ్చిన ప్రవాహానికి అక్కడ రెండు దారులు ఉంటాయి: డైపోల్ రెండో చెయ్యి, లేదా అల్లిక బయటి ముఖం. ఏ దారి సులువైతే ఆ దారిలో అంత ఎక్కువ పోతుంది. కేబుల్ యాంటెన్నాలో భాగమైపోతుంది.

చోక్ చుట్టబోయే ముందు కొలవండి, చుట్టాక మళ్లీ కొలవండి. దీనికి ఒక చిన్న పరికరం గంటలో తయారవుతుంది. కేబుల్ మీద బిగించే, తెరుచుకొనే రకం ఫెర్రైట్ (అయస్కాంత గుణమున్న పింగాణీ వంటి పదార్థం) కోర్ తీసుకొని, దాని ఒక సగం మీద సన్నని ఎనామిల్ తీగను 10 చుట్లు చుట్టండి. ఆ చుట్ట రెండు కొసల మధ్య 50 ఓమ్‌ల, 1 వాటు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ పెట్టండి. దాని మీది వోల్టేజిని ఒక షాట్కీ డయోడు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో డీసీగా మార్చి మల్టీమీటర్‌కు ఇవ్వండి. కోర్ గుండా పోయే కేబుల్‌లో లోపలి రెండు ప్రవాహాలూ ఎదురెదురు కాబట్టి అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మీటర్ చూపేది బయటి ముఖం ప్రవాహాన్నే. ఒక ఆంపియర్‌కు రెసిస్టర్ మీద 5 వోల్టులు వస్తాయి, డయోడు తరువాత మీటర్ దాని శిఖరాన్ని, 7 వోల్టులకు కొంచెం తక్కువగా, చూపిస్తుంది. 50 ఓమ్‌ల యాంటెన్నాలో 100 వాట్లకు మొత్తం ప్రవాహం 1.41 ఆంపియర్లు అన్నది గుర్తుంచుకొంటే, మీటర్ సుమారు 2 వోల్టులు చూపితే, అంటే అల్లిక మీద 0.3 ఆంపియర్ ఉంటే, అది చిన్న విషయం కాదని తెలుస్తుంది.

చేతికి ఆర్‌ఎఫ్ కాలకుండా తక్కువ శక్తితో, 10 వాట్లు చాలు, ప్రసారం చేస్తూ పలక దగ్గరి నుంచి మీటరుకోసారి కోర్‌ను జరుపుతూ అంకెలు రాసుకోండి. శక్తి పది రెట్లు తగ్గితే ప్రవాహం మూడు రెట్లకు పైగా తగ్గుతుందని లెక్కలో పెట్టుకోండి. అంకె ఒకచోట పెరిగి, ఇంకోచోట తగ్గుతుంది. కేబుల్ మీద తరంగం నిలబడి ఉందన్నమాట. ఒకే చోట కొలిచి ‘ఏమీ లేదు’ అనుకుంటే మోసపోతారు.

చోక్ చుట్టండి

చోక్ అంటే కోక్స్‌నే ఫెర్రైట్ రింగు మీద చుట్టడం. లోపలి ప్రవాహానికి రింగు ఉన్న సంగతే తెలియదు, బయటి ముఖం ప్రవాహానికి పెద్ద ఇంపీడెన్స్ (ఏసీ ప్రవాహానికి అడ్డు) ఎదురవుతుంది. 1944లో గుస్టావ్ గ్వానెల్లా వర్ణించిన కరెంట్ బాలన్ (రెండు చేతుల యాంటెన్నాను కోక్స్‌కు పొసిగించే పరికరం) వెనక ఉన్నది ఇదే ఆలోచన.

3.5 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు ఎఫ్‌టి240-31 అనే రింగు అనువైనది. బయటి వ్యాసం 61 మిల్లీమీటర్లు, లోపలిది సుమారు 35. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న టెఫ్లాన్ కోక్స్, ఆర్‌జి-400 వంటిది, దీనిమీద బాగా చుట్టుకుంటుంది. కింది బ్యాండ్లకు 16 చుట్ల వరకు, 14 మెగాహెర్ట్జ్‌కు పైన 10 నుంచి 12 చుట్లు ఇంచుమించుగా సరిపోతాయి. కేబుల్ రింగు మధ్య నుంచి ఎన్నిసార్లు దాటితే అన్ని చుట్లు. తిన్నగా ఒకసారి దాటినా ఒక చుట్టే. మొదటి చుట్టును జిప్ టైతో బిగించి, తక్కినవాటిని ఒకదాని మీదకు ఒకటి ఎక్కకుండా పక్కపక్కన పేర్చండి. మొదటి చుట్టు, చివరి చుట్టు ఒకదాన్నొకటి తాకకుండా ఎడం ఉంచండి, లేకపోతే వాటి మధ్య కెపాసిటెన్స్ పై బ్యాండ్లలో చోక్‌ను దాటవేస్తుంది. నురుగు ప్లాస్టిక్ ఉన్న కోక్స్‌ను ఇలా బిగుతుగా వంచితే కాలం గడిచేకొద్దీ మధ్య తీగ పక్కకు జరిగి అల్లికను తాకుతుంది, దాన్ని వాడకండి.

రింగును కొనేటప్పుడు రంగు చూడండి. ఎర్రగానో పసుపుగానో పూత ఉన్నవి సాధారణంగా ఇనుప పొడి రింగులు. వాటి పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని పోగుచేసే గుణం) చాలా తక్కువ. ఎర్రటి 2వ రకానిది 10 మాత్రమే, 31వ రకం ఫెర్రైట్‌ది 1,500. చూడటానికి అచ్చం అలాగే ఉన్నా చోక్‌కు అవి పనికిరావు. ఫెర్రైట్‌లోని మరో గుణం, తన ఇంపీడెన్స్‌లో ఎక్కువ భాగం రెసిస్టెన్స్‌గా ఉండటం. ఉత్త ఇండక్టెన్స్ ఉన్న చోక్, ఉదాహరణకు గాలిలో చుట్టిన కోక్స్ చుట్ట, కేబుల్ బయటి ముఖం కెపాసిటివ్‌గా కనిపించే బ్యాండులో దానితో రెజొనెన్స్‌లో (రెండిటి అడ్డూ ఒకదాన్నొకటి రద్దు చేసుకొనే స్థితిలో) పడి ప్రవాహాన్ని తగ్గించకపోగా పెంచనూ వచ్చు. ఒక్క బ్యాండుకైతే గాలి చుట్ట నడుస్తుంది. అన్ని బ్యాండ్లకూ ఒకటే కావాలనుకుంటే ఫెర్రైట్ తప్ప దారి లేదు. లక్ష్యం కనీసం 1,000 ఓమ్‌లు. 5,000 ఓమ్‌లు దొరికితే చాలామంది బెడద అక్కడితో తీరుతుంది.

చోక్ మొదటి స్థానం యాంటెన్నా ఫీడ్ పాయింట్, అంటే కేబుల్ యాంటెన్నాకు కలిసే చోటు. రెండోది పెట్టదలిస్తే ప్రవేశ పలకకు బయటి వైపున, పలకకు ఆనుకొని పెట్టండి. ఎర్త్ అయిన చోటే ఆర్‌ఎఫ్ ప్రవాహం ఎక్కువ కాబట్టి చోక్ అక్కడ బాగా పనిచేస్తుంది. పిడుగు ప్రవాహంలో పెద్ద వాటా టవర్ పాదం దగ్గరే దిగిపోయి ఉంటుంది కనుక ఇక్కడ ఎదురయ్యే అడ్డు చెరుపు చేయదు. కానీ చోక్‌నే పిడుగు రక్షణగా లెక్కించవద్దు: కిలోఆంపియర్లకు ఫెర్రైట్ నిండిపోయి మామూలు చుట్టగా మిగులుతుంది. అలాగే ఎర్త్ పట్టీ మీద ఎప్పుడూ ఫెర్రైట్ తొడగకండి.

పూర్తి శక్తితో రెండు మూడు నిమిషాలు ప్రసారం చేసి, ప్రసారం ఆపి, రింగును ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే ఇంకో రింగు జోడించి రెండు చోక్‌లను వరుసగా పెట్టండి. సుమారు 130 డిగ్రీల సెల్సియస్ దాటితే ఈ రకం ఫెర్రైట్ తన అయస్కాంత గుణాన్ని కోల్పోతుంది.

పొడవును, దిశను సరిచూడండి

కేబుల్‌ను డైపోల్‌కు లంబంగా, కనీసం పావు తరంగం దూరం దించండి. ఫీడ్ పాయింట్ నుంచి ఎర్త్ అయిన మొదటి చోటు దాకా ఉన్న పొడవూ లెక్కలోకి వస్తుంది. అది సగం తరంగానికి గుణిజమైతే ఎర్త్ దగ్గరి తక్కువ ఇంపీడెన్స్ అలాగే పైన కనిపించి ప్రవాహాన్ని ఆహ్వానిస్తుంది. పావు తరంగానికి బేసి గుణిజమైతే అడ్డుకుంటుంది. ఇక్కడ కేబుల్ కంపెనీ చెప్పే 0.66 వేగ గుణకాన్ని (కేబుల్‌లో తరంగ వేగం కాంతి వేగంలో ఎంత వంతో చెప్పే అంకెను) వాడకండి. అది లోపలి ప్రవాహానికి సంబంధించినది, బయటి ముఖానికి చుట్టూ ఉన్నది ఎక్కువగా గాలే. 7.1 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం దాదాపు 10.5 మీటర్లు. అదే పొడవు 14.2 దగ్గర సగం తరంగం. ఒక బ్యాండుకు మందైనది ఇంకో బ్యాండుకు రోగమవుతుంది కాబట్టి, పలు బ్యాండ్ల యాంటెన్నాకు పొడవులతో కుస్తీ పట్టకుండా చోక్ మీద ఆధారపడండి. సగం తరంగ ఎండ్ ఫెడ్ (ఒక కొసన కేబుల్ కలిపే) యాంటెన్నాకు కౌంటర్‌పాయిజ్ (తిరుగు ప్రవాహం కోసం వేసే తీగ) వేయకపోతే ఆ పాత్రను కోక్స్ అల్లికే పోషిస్తుంది. ముందు చిన్న కౌంటర్‌పాయిజ్ వేసి, దాని తరువాత చోక్ పెట్టండి. రేడియల్స్ (పాదం నుంచి చుట్టూ పరిచే తీగలు) తగినన్ని లేని వర్టికల్‌కూ, అంటే నిలువు యాంటెన్నాకూ, ఇదే మాట.

పై అంతస్తులో గది ఉన్నవారు ఆర్‌ఎఫ్ బెడదకు కిందికి ఒక పొడవాటి ఎర్త్ తీగను లాగుతారు. 10 మీటర్ల తీగ 7 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం, అంటే సెట్ వైపు కొస ఎర్త్‌కు పూర్తి విరుద్ధం. భద్రతకు ఎర్త్ తీగ ఉండాల్సిందే, కానీ ఆర్‌ఎఫ్‌ను అది తీసేస్తుందని ఆశించకండి.

పిడుగు పడ్డాక ఏం చూడాలి

దగ్గర్లో పిడుగు పడిందని అనుమానం వస్తే వెంటనే స్విచ్ వేయకండి. ముందు వాసన చూడండి, మూత తీసి మసి, ఉబ్బిన కెపాసిటర్, పగిలిన చిప్ ఉన్నాయేమో చూడండి. అరెస్టర్‌లోని గ్యాస్ ట్యూబును తీసి మల్టీమీటర్ పెట్టండి. ఓమ్‌లలో ఏదైనా కనిపిస్తే అది పోయినట్టే, ఏమీ కనిపించకపోయినా గట్టి దెబ్బ తిన్నదాన్ని మార్చేయడం మంచిది. కోక్స్ రెండు కొసలూ విప్పి మధ్య తీగకూ అల్లికకూ మధ్య తెగి ఉందా, ఒక్కో వాహకం కొస నుంచి కొసకు కలిసి ఉందా అని చూడండి. ఇది సరిపోదు: అవతలి కొసకు డమ్మీ లోడు (యాంటెన్నా బదులు శక్తిని వేడిగా మార్చే రెసిస్టర్), దానికి ముందు పవర్ మీటర్ పెట్టి, వేరే సెట్‌తో కొంత శక్తి పంపి ఎంత చేరుతోందో చూడండి. సూది మొన అంత రంధ్రం తొడుగులో పడిన కేబుల్ మల్టీమీటర్ ముందు నిక్షేపంగా ఉండి, తరువాతి వానకు నీరు తాగుతుంది. కేబుల్‌ను చేతి వేళ్ల మధ్య మీటరు మీటరుగా జార్చుతూ తడిమితే ఆ రంధ్రం అంచు గరుగ్గా తగులుతుంది.

ఆ తరువాత సెట్‌ను ముందు డమ్మీ లోడుతో ఆన్ చేయండి. ప్రసారం బాగానే ఉండి రిసీవర్ మాత్రం మందగించి ఉంటే, యాంటెన్నా సాకెట్‌కు దగ్గరగా ఉండే రక్షణ డయోడ్లను, ప్రసారం, స్వీకరణల మధ్య మార్చే పిన్ డయోడ్లను అనుమానించండి. అటెన్యుయేటర్‌ను (సంకేతాన్ని తగ్గించే ఏర్పాటును) వేసినా తీసినా సంకేతం మారకపోవడం కూడా అటువైపే వేలు చూపుతుంది. రిసీవర్ సంగతి తేలాక యాంటెన్నా తగిలించి ఎస్‌డబ్ల్యూఆర్ పాత నోటుపుస్తకంలోని అంకెలతో సరిపోతుందో చూడండి. చివరగా పలక మీది, రాడ్ మీది ప్రతి క్లాంపునూ పానాతో ఒకసారి బిగించండి, వాటిలో కొన్ని వదులై ఉంటాయి.